చేపలు లేని చేపల తొట్టి

మా హాల్లో కొత్త అక్వేరియం పెట్టి వారాలు గడిచినా అందులో ఒక్క చేపయినా కనిపించకపోవడంతో, ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ నీళ్లు ఇంత తేటగా ఉన్నాయి కదా, ఇంకా దేనికోసం ఆగారని అడుగుతున్నారు. కొత్త తొట్టిలో నీటి తేటదనాన్ని చూసి నాణ్యతను అంచనా వేయలేము. చేపల ప్రాణం తీసే అమ్మోనియాకు గాని నైట్రైట్‌కు గాని నీటిలో రంగు ఉండదు. తొలి రోజుల్లో నీళ్లు తెల్లగా మసకబారితే కంగారుపడి తొట్టి మొత్తం కడిగేస్తారు గాని, ఆ మసక సాధారణంగా నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తిని పెరిగే బ్యాక్టీరియా వల్ల వచ్చేది, దానంతటదే పోయేది.

చేపల మొప్పల నుంచీ, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచీ వచ్చే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరొక జాతి ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని నైట్రోబాక్టర్‌దేనని చాలాకాలం అనుకున్నారు గాని, అక్వేరియాల్లో దాన్ని ముఖ్యంగా నైట్రోస్పైరా చేస్తుందని 1998లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఇవి ఎక్కువగా నీటిలో తేలుతూ కాక ఫిల్టర్ స్పాంజిని, గులకరాళ్లను అంటిపెట్టుకొని బతుకుతాయి, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే సైక్లింగ్‌కు, అంటే ఈ బ్యాక్టీరియా తొట్టిలో చాలినంతగా పెరగడానికి, సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

చేపలను పెట్టి వాటి విసర్జనతోనే సైక్లింగ్ చేయించడం నాకు ఇష్టం లేదు. బ్యాక్టీరియాకు కావలసిన అమ్మోనియా కోసం ప్రయోగశాలలకు అమ్మే స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ వాడాను. 100 లీటర్ల నీటికి సుమారు 0.63 గ్రాములు కలిపితే అమ్మోనియా 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు, అవుతుంది. ఇది కళాయి పూసేవారు వాడే నవాసాగరమే. అయితే బజారులో దొరికే ముక్కలో ఇంకేమి కలిసి ఉంటుందో చెప్పలేము కాబట్టి దానిని తొట్టిలో వేయకూడదు. మోతాదు 5 పీపీఎం దాటితే పని వేగవంతం కాకపోగా మందగించవచ్చు.

అసలు శ్రద్ధ పెట్టవలసినది పీహెచ్ మీద, దాన్ని పడిపోకుండా నిలిపే క్షారత మీద. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. అది అడుగంటితే పీహెచ్ పడిపోతుంది, 6.5 కంటే దిగువన బ్యాక్టీరియా బాగా నెమ్మదిస్తుంది. శుద్ధమైనవి గదా అని ఆర్ఓ నీళ్లతోనే తొట్టి నింపినవారికి సైక్లింగ్ మధ్యలో ఆగిపోవడానికి తరచు కారణం ఇదే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల వచ్చే గట్టి బోరు నీళ్లకు ఆ బెంగ తక్కువ గాని, వాటికి ఇంకో చిక్కు ఉంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం అర శాతం చుట్టుపక్కల ఉంటుంది, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే పరీక్షలో ఒకే అంకె కనిపించినా చేపకు తగిలే దెబ్బ దాదాపు పదింతలు. పైగా అప్పుడే తోడిన బోరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కనుక పీహెచ్ తక్కువ చూపుతుంది. ఒక బకెట్‌లో రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి, పొద్దున మళ్లీ కొలిస్తేనే నిజమైన అంకె తెలుస్తుంది. అదే బకెట్‌లో నైట్రేట్ కూడా ముందే చూసుకోవడం మేలు, ఎందుకంటే కొన్ని బోర్లలో అది మొదటి నుంచే ఉంటుంది. కుళాయి నీళ్లు పట్టేవారు మాత్రం క్లోరిన్ పోగొట్టే మందు వేసిన తరువాతే తొట్టిలో పోయాలి.

పరీక్షకు చుక్కల మందు కిట్టే వాడండి, కాగితపు పట్టీలు అంత నమ్మదగినవి కావు. నా కిట్టులో అమ్మోనియా లేకపోతే గొట్టంలో నీరు పసుపుగా ఉంటుంది, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది. ట్యూబ్‌లైటు కింద ఆ లేత తేడా అందదు, కిటికీ దగ్గర తెల్లకాగితం ముందు పెట్టి చూడాలి. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను గట్టిగా ఆడించకపోతే అడుగున పేరుకున్న పొడి కలవక, ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది.

దుకాణంలో తొట్టితోపాటు చేతిలో పెట్టే నీలం మందు, అంటే మిథిలీన్ బ్లూ, మేలుచేసే ఈ బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. దానిని సైక్లింగ్ జరుగుతున్న తొట్టిలో వేయకండి. స్పాంజిని కుళాయి కింద కడగవద్దు, తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి కనుక గంటల తరబడి కరెంటు పోయే ఇళ్లలో ఫిల్టర్‌ను ఇన్వర్టర్‌కు కలపడం అవసరం.

2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధమైనట్టే. అప్పుడు పేరుకున్న నైట్రేట్ తగ్గడానికి సగానికి మించి నీళ్లు మార్చి, కొద్దిపాటి చేపలతో మొదలుపెట్టవచ్చు. కోరిన చేపలు ఇంకా దొరకకపోతే, అవి వచ్చేవరకు బ్యాక్టీరియా పస్తు పడకుండా కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ ఉండాలి. మా తొట్టిలో ప్రస్తుతం జరుగుతున్నది అదే.