మూడో తాళంచెవి

జూన్, గురువారం

పొద్దున ఐదున్నరకి లేచేసరికి మలావీ రాజధాని లిలోంగ్వేలో చలి వణికించేస్తోంది. మనకి ఏరువాక రోజులైతే వీళ్ళకి ఇప్పుడు చలికాలం. పంటలు ఇంటికి చేరాయి, కాయలు ఎండుతున్నాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. ఫ్లాస్కులో టీ పోసుకుని మ్చింజీ రోడ్డెక్కాను. ప్రతి గురువారం ఆ పక్క పల్లెలో ఉన్న లెర్నింగ్ సెంటర్‌కి వెళ్ళడం మూడేళ్ళుగా నాకు అలవాటు.

ఊరు దాటిన కాసేపటికి చిటెడ్జే పరిశోధన కేంద్రం వస్తుంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థకి మలావీలో ఆఫీసు ఉండేది అక్కడే. ఆ పేరు నేను మొదట విన్నది అనంతపురం జిల్లాలో మా కళ్ళంలో, మా నాన్న నోట. "పటాన్‌చెరులో పెద్ద పెద్ద సైంటిస్టులు మన చెనిక్కాయ మీదే పని చేస్తున్నారంట" అని గొప్పగా చెప్పేవాడు. ఆ ఇక్రిశాట్ వాళ్ళ సీజీ-7 అనే వేరుశనగ రకం 1990లో మలావీ రైతుల చేతికొచ్చింది. ఎర్ర తొక్కున్న గింజ. ఈ రోడ్డు మీద ఏ ఇంటి ముందు చూసినా అవే ఆరబోసి ఉంటాయి. మా నాన్న ఉండి ఉంటే కారు ఆపించి, ఓ కాయ చిదిమి నోట్లో వేసుకుని, అప్పుడు గానీ కదలనిచ్చేవాడు కాదు.

సెంటర్ చేరేసరికి ఎనిమిదైంది. రెండు గదులు, రేకుల కప్పు, ముందు పొడవాటి వరండా, పెరట్లో చేతి బోరింగు. ఒక గదిలో బడి వయసు రాని పిల్లలుంటారు. గంజి, అంటే ఫాలా, ఉడుకుతోంది. అందులో చెనిక్కాయ పొడి కలుపుతారు. తలా ఓ ప్లాస్టిక్ కప్పు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లల్ని చూస్తే చలి మర్చిపోయాను. రెండో గదిలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళ చదువు. ఇక్కడ దాన్ని 'క్వాచా బడి' అంటారు. క్వాచా అంటే తెల్లవారిందని అర్థం. 1971 నుంచి చలామణీలో ఉన్న వీళ్ళ డబ్బు పేరు కూడా అదే.

ఇవాళ పనంతా చెనిక్కాయలు ఒలిచే మిషన్ దగ్గరే. అడుగున ఇనుప జల్లెడ, పైన అటూ ఇటూ ఊపే పిడి. కరెంటు అక్కర్లేదు. మా ఊళ్ళోనూ సరిగ్గా ఇలాంటిదే ఉండేది. దీన్ని లిలోంగ్వేలో ఒక వెల్డింగ్ షాపులో చేయించాం. ఖర్చులో సగం ఈ ఆడవాళ్ళ పొదుపు పెట్టెలోంచి, మిగతా సగం నేనూ నా స్నేహితులూ వేసుకున్నాం.

దీని వెనక ఒక కథ ఉంది. నేను వచ్చిన మొదటి ఏడాది ఇక్కడ ఆడవాళ్ళు కాయల మీద నీళ్ళు చల్లి ఒలవడం చూశాను. తడిస్తే తొక్క మెత్తబడుతుంది, వేళ్ళు నొప్పెట్టవు. కానీ ఆ తడికి గింజల్లో బూజు పడుతుంది, ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయ క్యాన్సర్ తెస్తుంది. రంగూ రుచీ ఏమీ ఉండవు, ఉడికించినా పోదు. యూరప్ మార్కెట్లు ఒకప్పుడు బాగా కొన్న మలావీ వేరుశనగని పక్కన పెట్టడానికి ఈ విషమే ఒక పెద్ద కారణం. అన్నిటికంటే నన్ను భయపెట్టింది వేరు. మంచి గింజ అమ్మకానికి పోతుంది, నల్లబడ్డదీ ముడుచుకున్నదీ పొడి కొట్టి పిల్లల గంజిలో కలుపుతారు.

బొమ్మలు గీయించి గోడలకి అంటించాను. 'కాయలు తడపొద్దు' అని చిచేవా భాషలో రాయించాను. మీటింగులు పెట్టాను. అందరూ తలూపేవారు, ఇంటికెళ్ళి తడిపేవారు. నాకు కోపం వచ్చేది. ఒక రోజు ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, బుట్టెడు ఎండు కాయలు ముందు పోసి, "ఒలువు అమయి" అంది. అమయి అంటే అమ్మే. ఇక్కడ ఆడవాళ్ళంతా ఒకరికొకరు అమయిలే. గంటన్నరకి నా బొటనవేలి గోరు కింద చర్మం చిట్లి రక్తం వచ్చింది. ఆవిడ తన వేళ్ళు చూపించింది. పగుళ్ళ మీద పగుళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో విత్తనాల కోసం ఒలుస్తూ "వేళ్ళు మండుతున్నాయి జేజీ" అని మేం ఏడిస్తే, మా జేజి చేసిన పని కూడా ఇదే. చెంబుతో నీళ్ళు తెచ్చి కాయల మీద చిలకరించేది. ఆ చెంబు చూస్తూ పెరిగిన నేను ఇక్కడికొచ్చి పోస్టర్లు అంటించాను. తడిపితే చెడిపోతుందని వీళ్ళకి తెలియక కాదు. వేళ్ళకి వేరే దారి లేక. మిషన్ వచ్చిన ఏడాదే వరండాలో నీళ్ళ బకెట్ మాయమైంది. నేనెవరికీ ఏమీ చెప్పలేదు.

అయితే ఇవాళ కొత్త చిక్కొచ్చింది. చలింబానా అని ఇక్కడి పాత రకం ఒకటుంది. గింజ లావు, రుచి ఎక్కువ. చాలామంది ఇంటికోసం ఇంకా అదే వేస్తారు. మన జల్లెడ సందు సీజీ-7కి సరిపోతోంది గానీ చలింబానా అందులో పడితే నలిగి బద్దలవుతోంది. బద్దకి ధర రాదు, విత్తనానికి పనికిరాదు. పెద్దావిడ గుప్పెడు బద్దలు నా అరచేతిలో పోసి ఏమీ అనకుండా నిలబడింది. ఆ గుప్పెడే చాలా మాట్లాడింది.

మధ్యాహ్నం న్సిమా తిన్నాం. మొక్కజొన్న పిండితో చేస్తారు. అచ్చం మన సంగటే. పెద్దవాళ్ళ చేతుల మీద ఒక అమ్మాయి చెంబుతో నీళ్ళు పోస్తుంది, ఆ తర్వాతే ముద్ద. నంజుకోడానికి చెనిక్కాయ పొడి వేసి వండిన గుమ్మడాకు కూర. ఆ కూరతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

రెండింటికి 'బంకి మ్‌ఖోండే' మొదలవ్వాలి. మాటకి మాట చెప్పాలంటే వరండా బ్యాంకు. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు, చాప, మధ్యలో ఇనుప పెట్టె. పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. పెట్టె ఉండేది నాలుగో ఆవిడ ఇంట్లో. ముగ్గురూ వస్తే గానీ మూత లేవదు. 1991లో నైజర్‌లో కేర్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ఆఫ్రికాలో ఎక్కడికెళ్ళినా కనిపిస్తుంది. వారం వారం డబ్బు వేస్తారు, అవసరమైనవాళ్ళకి అప్పిస్తారు, వడ్డీ అదే పెట్టెలో పడుతుంది, ఏడాది చివర అంతా పంచేసుకుంటారు.

ఇవాళ రెండు తాళంచెవులే వచ్చాయి. మూడో ఆవిడ పక్క ఊళ్ళో చావుకి వెళ్ళింది. ఇక్కడ చావంటే పనులన్నీ ఆపి వెళ్ళాల్సిందే, అందులో మినహాయింపు లేదు. ఇటు చూస్తే ఒకావిడకి ఇవాళే డబ్బు కావాలి. మనవడికి జ్వరం తగ్గట్లేదు, జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నాకు టెన్షన్ మొదలైంది. కారులో స్పానర్లున్నాయి, ఒక్క తాళం పగలగొడితే ఏమవుతుందనిపించింది. నోటిదాకా వచ్చిన మాటని అధ్యక్షురాలి మొహం చూసి మింగేశాను. ఆవిడ వెంటనే ఒక కుర్రాణ్ణి సైకిల్ మీద పంపింది. పిల్లాడూ నాయనమ్మా ముందు బయల్దేరేందుకు నలుగురూ కొంగుముడులు విప్పి బస్సు ఛార్జీలు పోగేశారు. పెట్టెని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకో రకం తాళం కూడా నేను ఇక్కడే, ఈ సెంటర్‌లోనే, ఒక గదికి వేసి ఉండగా చూశాను. నేను రాకముందు ఒక సంస్థ వాళ్ళు కుట్టుమిషన్లు ఇచ్చి, ఫోటోలు దిగి, తాళంచెవి టౌన్లో తమ మనిషి దగ్గర ఉంచుకున్నారు. ఆయన బదిలీ అయిపోయాడు. రెండేళ్ళ తర్వాత తలుపు తీస్తే సూదులు తుప్పు పట్టి ఉన్నాయి. కిటికీలోంచి రోజూ ఆ మిషన్లని చూస్తూ చేత్తోనే కుట్టుకున్న ఆడవాళ్ళ గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు మనసు మండుతుంది.

మూడో ఆవిడ వచ్చేదాకా ఖాళీగా ఎందుకని అందరం చలింబానా ఒలుస్తూ కూర్చున్నాం. మా అమ్మ గురించి అడిగారు. తొంభైలలో మా ఊళ్ళో డ్వాక్రా సంఘం పెట్టినప్పుడు మా అమ్మ చేరడం, నెలకి ముప్పై రూపాయలు కట్టడం, మొదటి అప్పుతో గేదెని కొనడం చెప్పాను. గేదె ఎలా ఉంటుందో ఫోన్లో చూపిస్తే పడీ పడీ నవ్వారు.

"మరి మీ అమ్మ దగ్గర ఎన్నో తాళంచెవి ఉండేది?" అని ఒకావిడ అడిగింది.

తాళంచెవులు లేవు, డబ్బు టౌన్లో బ్యాంకులో ఉండేదన్నాను.

"డబ్బు కళ్ళతో చూసేవాళ్ళు కాదా?"

లేదన్నాను. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పుస్తకంలో రాసి ఉండేదని సర్దిచెప్పబోయాను. మా అమ్మకి అప్పట్లో చదవడం రాదు, మేనేజరు చెప్పిన అంకెని నమ్మి వచ్చేదని నాకు చప్పున గుర్తొచ్చి ఆగిపోయాను. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ తట్టని ప్రశ్న అది.

నాలుగున్నరకి మూడో ఆవిడ వచ్చింది. కుర్రాడి చేతికి తాళంచెవి ఇచ్చి పంపొచ్చు. పంపలేదు. సైకిల్ వెనక కూర్చుని తనే వచ్చింది, చావింటి నుంచి అలాగే, కళ్ళు వాచిపోయి. నడుముకి చుట్టుకున్న చిటెంజే గుడ్డ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి, మాట్లాడకుండా పక్కన కూర్చుంది. మూత లేచింది. కిందటి వారం పెట్టెలో ఎంత ఉందని అధ్యక్షురాలు అడిగితే అక్కడున్న గొంతులన్నీ ఒక్కసారి అంకె చెప్పాయి. పుస్తకం ఎవరూ తెరవలేదు. చదువు రానివాళ్ళని ఎవరూ మోసం చెయ్యకుండా అంకె అందరి నోటా ఉండాలని వాళ్ళ నియమం. లెక్కపెట్టారు. సరిపోయింది. ఆస్పత్రి కోసం అత్యవసర నిధిలోంచి తీసిన డబ్బు పట్టుకుని ఆ కుర్రాడే మళ్ళీ సైకిల్ ఎక్కాడు. మూడో ఆవిడ తన తాళం వేసేసి, చీకటి పడకముందే చావింటికి నడిచి వెళ్ళిపోయింది. టీ కూడా తాగలేదు.

రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దగ్గర పడుతోందని ఆమె "హలో" అన్నాక గానీ గుర్తు రాలేదు.

"ఏం మే, ఇంతసేపు మేలుకున్నావు? తిన్నావా?"

"తిన్నాలే అమ్మా. నువ్వు సంఘంలో ఉన్నప్పుడు బ్యాంకులో మీ డబ్బు ఎంతుందో నీకు తెలిసేదా?"

కాసేపు మాట్లాడలేదు. "తెలిసేది కాదు గానీ, అడగాలనిపించేది" అంది.

పిల్లాడి జ్వరం కబురు ఇంకా రాలేదు. పొద్దున్నే ఫోన్ చెయ్యాలి. స్వెట్టర్ జేబులో ఆరు చలింబానా కాయలున్నాయి, పెద్దావిడ ఏరి ఇచ్చిన లావుపాటివి. రేపు వెల్డింగ్ షాపులో చూపించి, వీటి కొలతకి ఇంకో జల్లెడ చేయించాలి.