అయోడిన్ రంగు పోనిదే వాల్వ్ తియ్యొద్దు

నేను హైదరాబాద్ దగ్గర బొల్లారం వైపు కెమికల్ ప్లాంట్లలో ప్రొడక్షన్ చూస్తా. మాదంతా కాంట్రాక్ట్ పని, అంటే మాలిక్యూల్ క్లయింట్‌ది, ప్రాసెస్ వాళ్ళ ల్యాబ్‌ది, రియాక్టర్, దాని ముందు నిలబడే మనుషులు మాత్రం మావాళ్ళు. వాళ్ళు లీటర్ ఫ్లాస్క్‌లో చేసి పేపర్లు పంపిస్తారు, మేం దాన్ని కేఎల్ (వెయ్యి లీటర్ల) రియాక్టర్‌కి ఎక్కించాలి. మెలిక అంతా ఇక్కడే ఉంది, లీటర్ నుంచి 1000 లీటర్లకి పోతే పుట్టే వేడి 1000 రెట్లు, ఆ వేడిని లాగేసే జాకెట్ (రియాక్టర్ చుట్టూ ఉండే చల్లబరిచే తొడుగు) గోడ మాత్రం సుమారు 100 రెట్లే పెరుగుతుంది. ఫ్లాస్క్‌లో 20 నిమిషాల్లో అయిపోయే అడిషన్, అంటే కెమికల్‌ని కొంచెం కొంచెంగా పొయ్యడం, మాకు పూటంతా పడుతుంది.

గ్రిగ్నార్డ్ రియాక్షన్ సంగతే చూడండి, అంటే మెగ్నీషియంతో హాలైడ్ (క్లోరిన్, బ్రోమిన్ లాంటిది ఉన్న కెమికల్) కలిపి చేసేది. బాగా ఆరబెట్టిన రియాక్టర్, నైట్రోజన్, మెగ్నీషియం టర్నింగ్స్ (సన్న ముక్కలు), టీహెచ్ఎఫ్ అనే సాల్వెంట్, రియాక్షన్ అందుకోడానికి కొంచెం అయోడిన్, తర్వాత హాలైడ్‌లో 5 నుంచి 10 శాతం మాత్రం వేసి ఆగాలి. అయోడిన్ గోధుమరంగు పోయి, బూడిదరంగు తిరిగి, టెంపరేచర్ దానంతటదే ఎక్కిందంటే రియాక్షన్ అందుకున్నట్టు, అప్పుడే మిగతాది మెల్లగా వదలాలి. అందుకోకముందే పోస్తూ పోతే హాలైడ్ అంతా లోపల పేరుకుపోయి ఒక్కసారే మొదలవుతుంది, టీహెచ్ఎఫ్ 66 డిగ్రీలకే మరుగుతుంది, ఇంక జాకెట్‌లో బ్రైన్ (చల్లటి ఉప్పునీళ్ళు) ఎంత తిప్పినా అందదు.

ఇంతకుముందు చేసిన ఒక కంపెనీలో, వానాకాలం, నైట్ షిఫ్ట్, గంటన్నరైనా టెంపరేచర్ కదల్లేదు. డిస్పాచ్ దగ్గరపడింది, పైనుంచి ఫోన్ మీద ఫోన్, ఇంకొంచెం వెయ్యండి అదే అందుకుంటుంది అని. నేను కూడా మెత్తబడ్డా, నిజం చెప్తున్నా. అడిషన్ ట్యాంక్ దగ్గరున్న సీనియర్ ఆపరేటర్ అన్న సైట్ గ్లాస్‌లోకి టార్చ్ కొట్టి చూసి, "సార్, రంగు ఇంకా అట్లనే ఉంది, నేనైతే తియ్య" అన్నడు. వాల్వ్ మీద చెయ్యి తీసేసి అక్కడే నిలబడ్డడు. బ్యాచ్ ఆపి శాంపిల్ పంపిస్తే తెల్లారి క్యూసీ (క్వాలిటీ ల్యాబ్) చెప్పింది, టీహెచ్ఎఫ్‌లో తేమ లిమిట్ దాటింది, అందుకే రియాక్షన్ అందుకోలేదని. ఆ అన్న లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

చల్లగా ఉంచితే సేఫ్ అని ఇంకో మాట తిరుగుతుంటది. మరీ చల్లారిస్తే రియాక్షన్ నిద్రపోతుంది, మనం పోసేది పోస్తూనే ఉంటాం, అది ఇంకా డేంజర్. ఇన్ని బ్యాచ్‌లు చేసినం ఏం కాలేదు కదా అనేవాళ్ళకి నేను 2007లో అమెరికాలోని ఫ్లోరిడాలో టీ2 ల్యాబొరేటరీస్ అనే కెమికల్ కంపెనీ సంగతి చెప్తా, అక్కడ పేలింది 175వ బ్యాచ్, కూలింగ్ సరిపోలేదు, నలుగురు పోయారు.

అందుకే కొత్త ప్రాజెక్ట్ రాగానే క్లయింట్‌ని క్యాలరీమెట్రీ డేటా అడుగుతా, వేడి ఎంత, గ్యాస్ ఎంత, కరెంటు పోయి చిల్లర్ (చల్లబరిచే మెషిన్) ఆగితే టెంపరేచర్ ఎంతదాకా ఎక్కుతుంది అని. కొందరు వెంటనే ఇస్తారు. కొందరు ల్యాబ్‌లో ఏం కాలేదండీ అంటారు, అట్లాంటప్పుడు మేమే చేయించుకుని, రిపోర్ట్ చేతికొచ్చాకే ఛార్జింగ్, అంటే రియాక్టర్‌లో కెమికల్స్ వెయ్యడం, మొదలుపెడతాం.