డ్రమ్మర్ చెవిలో టిక్కు టిక్కు

మా బ్యాండ్‌లో, స్టేజీ మీద మా వైపు తిప్పి పెట్టే వెడ్జ్ స్పీకర్లు తీసేసి అందరం ఇన్-ఇయర్‌లకి (మన సౌండ్ మనకి చెవిలోనే వినిపించే ఇయర్‌ఫోన్లకి) మారి, ఏది ఎంత వినిపించాలో ఎవరికి వాళ్ళు సర్దుకునే చిన్న పర్సనల్ మిక్సర్ పక్కన తలా ఒకటి పెట్టుకున్న రోజు ఇక గొడవలే ఉండవనుకున్నాం. ఎవరి మిక్స్ వాళ్ళదే కదా, "నా గొంతు పెంచు, ఆ గిటార్ తగ్గించు" అని సౌండ్ డెస్క్ దగ్గర ఉన్నవాడి ప్రాణం తియ్యక్కర్లేదు. అది నిజంగానే తప్పింది. కాకపోతే ఇప్పుడు ఏ తేడా వచ్చినా అది మిక్సర్‌దా, కేబుల్‌దా, డెస్క్‌దా, చెవిలో ఉన్నదానిదా తేలక అందరూ నా మొహం చూస్తారు. పెట్టుకుందాం అన్నది నేనే మరి.

మొన్న రిహార్సల్లో మా డ్రమ్మర్ మధ్యలో ఆపేసి "అన్నా, చెవిలో టిక్కు టిక్కుమంటోంది, ఒక్కోసారి సౌండే పోతోంది" అన్నాడు. నేనూ అందరూ చేసేదే చేశాను. మిక్సర్ ఆపి ఆన్ చేశా, ఇయర్‌ఫోన్లు మార్చా, కనిపించిన నాబ్ అల్లా తిప్పా, ఇరవై నిమిషాలు పోయాయి. మొట్టమొదట అడగాల్సిన మాట అప్పుడు గుర్తొచ్చింది: ఇది ఇంకెవరికైనా వినిపిస్తోందా? ఎవరికీ లేదు.

ఈ ఒక్క ప్రశ్నకే సగం పని అయిపోతుంది. అందరికీ టిక్కు వస్తే నేను ముందు క్లాక్‌ని అనుమానిస్తాను, ఎందుకంటే డిజిటల్ పరికరాలన్నీ ఒకే గడియారం ప్రకారం నడవాలి, రెండు పరికరాలు దేనికది సొంత గడియారం పెట్టుకుంటే శాంపిళ్ళు (సౌండ్‌ని ముక్కలుగా కొలిచిన అంకెలు) జారిపోయి టిక్కులు మొదలవుతాయి. డాంటే (సౌండ్‌ని కంప్యూటర్ నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి) మీద నడిచే సిస్టమ్ అయితే నెట్‌వర్క్ స్విచ్‌లో కరెంటు ఆదా చేసే ఈఈఈ ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపెయ్యాలి. అన్నట్టు, కేబుల్ చూడటానికి ఒకేలా ఉంది కదా అని అన్నీ నెట్‌వర్క్ అనుకోకండి. పర్సనల్ మిక్సర్లకి సౌండ్ పంపే అల్ట్రానెట్ లాంటి పద్ధతులు వాడేది అదే రకం కేబులే గానీ లోపల నడిచేది ఈథర్‌నెట్ కాదు, మధ్యలో మామూలు స్విచ్ పెడితే పనిచెయ్యదు. ఇది నేను ఒకసారి పెట్టి చూసి తెలుసుకున్నాను, ఎందుకు పెట్టానని అడక్కండి.

సరే, ఒక్కడికే వస్తోందంటే తప్పు, డెస్క్ సౌండ్‌ని ఒక్కో మిక్సర్‌కి పంచే పంపిణీ పెట్టె నుంచి అతని చెవి దాకా ఉన్న ఆ ఒక్క దారిలోనే ఉన్నట్టు. డ్రమ్మర్ మిక్సర్ తీసుకెళ్ళి కీబోర్డు దగ్గరున్న కేబుల్‌కి పెట్టా, శుభ్రంగా ఉంది. కీబోర్డు మిక్సర్ తెచ్చి డ్రమ్స్ దగ్గర పెడితే టిక్కు. అంటే మిక్సర్ కాదు, కేబులో పోర్టో. కేబుల్ టెస్టర్ పెట్టి చూస్తే ఎనిమిది లైట్లూ బుద్ధిగా వెలిగాయి, అక్కడే నా బుర్ర వేడెక్కింది. చివరికి గమనించిందేంటంటే నెమ్మది పాటల్లో అసలు రావట్లేదు, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) గట్టిగా పడే పాటల్లోనే వస్తోంది. వంగి చూస్తే ప్లగ్ మీద ఉండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. కిక్ పడిన ప్రతిసారీ ప్లగ్ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోంది! కదలకుండా పట్టుకుని టెస్ట్ చేస్తే లైట్లు వెలగక ఏం చేస్తాయి. అందుకే ఇప్పుడు టెస్టర్ పెట్టినా కేబుల్‌ని అటూ ఇటూ ఊపుతూనే చూస్తున్నా, డ్రమ్స్ దగ్గరికి మాత్రం లోహపు తొడుగుతో లాక్ పడే ఈథర్‌కాన్ ప్లగ్గులున్నవే వాడుతున్నా.

మా గాయని ఫిర్యాదు వేరే రకం: "నా గొంతు దానంతటదే పెరుగుతోంది, తగ్గుతోంది, నేను నాబ్ ముట్టుకోలేదు." ఆమె చెప్పింది అక్షరాలా నిజం. డెస్క్ నుంచి పర్సనల్ మిక్సర్లకి వెళ్ళే ఛానెల్‌ని ఫేడర్ (సౌండ్ పెంచే, తగ్గించే జారుడు మీట) తర్వాత నుంచి తీసుకున్నాం, దాంతో బయట జనం కోసం ఫేడర్ కదిపినప్పుడల్లా ఆమె చెవిలోనూ కదులుతోంది. ప్రీ-ఫేడర్‌కి, అంటే ఫేడర్‌కి ముందు నుంచి తీసుకునేలా, మార్చగానే పోయింది. ఆ పనిలోనే ఆమె ఛానెల్‌ని కంప్రెసర్ (గట్టి సౌండ్‌ని అణిచి సమం చేసేది) కంటే ముందు నుంచి తీసుకున్నాం. గట్టిగా పాడినా చెవిలో పెద్దగా పెరగకపోతే గాయకులు తెలియకుండానే ఇంకా గట్టిగా పాడతారు, అరగంటలో గొంతు అలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా "నా గొంతు డొల్లగా ఉంది" అంటోంది. ఇది చాలామంది ఈక్యూతో (బేస్, ట్రెబుల్ లాంటివి సర్దే నాబ్‌లతో) సరిచెయ్యాలని చూసి విసిగిపోయే సమస్య. పాడేవాళ్ళకి సొంత గొంతు రెండు దారుల్లో వినిపిస్తుంది, ఎముకల గుండా అప్పటికప్పుడు, ఇయర్‌ఫోన్లో కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యంగా. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా 1 మిల్లీసెకను ఉంటే 500 హెర్ట్జ్ దగ్గర మొదటి గుంట పడుతుంది, అంటే గొంతుకి నిండుదనం ఉండే చోటే. డ్రమ్మర్‌కీ గిటారిస్టుకీ ఈ తేడా ఇంతగా వినిపించదు. మేం చేసింది రెండు పనులు. ఆమె చెవికి వెళ్ళే ఛానెల్ మీద మాత్రం పోలారిటీ తిప్పి (సౌండ్ అలని తలకిందులు చేసి) చూసి, ఎటు నిండుగా ఉంటే అటు వదిలేశాం, ఆ తర్వాత డిజిటల్ వైర్‌లెస్ తీసేసి ఇయర్‌ఫోన్లకి వైరు ఉన్న ప్యాక్ ఇచ్చాం. సౌండ్‌ని అంకెల్లోకి, అంకెల్ని సౌండ్‌లోకి మార్చే పని ఒకటి తగ్గి ఆలస్యమూ తగ్గింది, తేడా ఆమెకి వెంటనే తెలిసింది. వైరు కాళ్ళకి అడ్డం వస్తోందని సణుగుతోంది గానీ తీసేస్తానంటే ఒప్పుకోవట్లేదు.

బేసిస్టు సంగతి మరీ సింపుల్, ఒక చెవిది తీసేసి రెండో చెవిలో పెంచుకుంటున్నాడు. అలా పెంచితే చెవులకి ప్రమాదం: 100 డెసిబెల్స్ దగ్గర, పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే అమెరికా నియోష్ సంస్థ సిఫార్సు చేసిన పరిమితి రోజుకి 15 నిమిషాలే, మా రిహార్సల్ మూడు గంటలు. "బయట సౌండ్ వినపడక ఒంటరిగా ఉంది బాబూ" అంటాడు. జనం వైపు ఒక మైక్ పెట్టి అందరి మిక్సర్లకీ ఇచ్చాక రెండో చెవిది కూడా పెట్టుకున్నాడు.

ఆ విరిగిన నాలుక కేబుల్‌ని మాత్రం పక్కన పెట్టకుండా ఆ రోజే రెండు ముక్కలుగా కత్తిరించేశాను, లేకపోతే హడావుడిలో మళ్ళీ ఎవరో ఒకరు తీసుకెళ్ళి డ్రమ్స్ దగ్గరే పెడతారు.