పర్మిట్ అక్కర్లేని చోట పర్మిట్ తీసుకున్నాను

"లైసెన్సే అక్కర్లేదంటున్నారు కదన్నా, మళ్లీ ఈ క్లాసులూ పరీక్షలూ నీకెందుకు?" డాలస్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్లలో ఈ మాట అడగనివాళ్లు తక్కువ. వాళ్లు అడిగింది సబబే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టం అడ్డు చెప్పనివాళ్లు ఎవరైనా లైసెన్సు లేకుండానే హ్యాండ్‌గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. అయినా పాత లైసెన్సు పోలేదు. లైసెన్స్ టు క్యారీ, అందరూ ఎల్‌టీసీ అంటారు, కావాలన్నవాళ్లకి రాష్ట్ర డీపీఎస్, అంటే పబ్లిక్ సేఫ్టీ డిపార్ట్‌మెంటు, ఇప్పటికీ ఇస్తోంది.

నాకు తుపాకీల మీద పెద్ద మోజేమీ లేదు. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. "కడపోళ్లకి ట్రైనింగ్ దేనికిలే" అని ఆఫీసులో జోకులు వేస్తుంటారు గానీ, మా ఊళ్లో నేను చూసింది ఒకే ఒక్క తుపాకీ. అది పంట మీద పడే అడవిపందుల కోసం మా పెదనాయన లైసెన్సుతో పెట్టుకున్నది. ఎన్నికలొస్తే దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి, రసీదు జేబులో పెట్టుకుని వచ్చేవాడు. తుపాకీ అంటే ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సిన వస్తువు అన్న భావన నాకు అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడ నాకు ఆ అవసరం రావడానికి కారణం మా బావ గ్యాస్ స్టేషన్. వారాంతాల్లో రాత్రిపూట కౌంటర్ దగ్గర ఆయనకు సాయంగా ఉంటాను, షాపు కట్టేశాక క్యాష్ బ్యాగుతో బయటికి వచ్చేదీ నేనే. దానికి తోడు 2023 మే 6న ఆలెన్ అవుట్‌లెట్ మాల్ కాల్పులు. చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరుగా పనిచేస్తున్న మన తెలుగమ్మాయి కూడా ఉంది. మేమూ సేల్ ఉందంటే పిల్లల్ని తీసుకుని వెళ్లే మాల్ అది. ఆరోజు తుపాకీ ఉన్న మామూలు మనిషి ఎవరైనా అక్కడుంటే ఏదో జరిగి ఉండేదని నేను అనను. కాల్పులు జరిపినవాణ్ణి ఆపింది అక్కడే వేరే పని మీద ఉన్న ఒక పోలీసు ఆఫీసరు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఈ చర్చ మాత్రం ఆగలేదు. చివరికి మా ఆవిడ ఒక షరతు పెట్టింది: ముందు సేఫ్ కొనాలి, తర్వాత క్లాసు చెయ్యాలి, తుపాకీ ఆ తర్వాతే.

ఇంతకన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మనవాళ్లు చాలామంది దీన్ని పట్టించుకోరు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్1బీ, ఎఫ్1 లాంటివాళ్లు, తుపాకీ గానీ గుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో అందరికీ తెలిసింది హంటింగ్ లైసెన్స్. "సరదాగా రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) వెళ్లి రెండు రౌండ్లు కాల్చొద్దాం" అన్నా ఇదే రూలు. అద్దె తుపాకీ చేతిలోకి తీసుకున్నా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. ఇంకొందరు "నీ పేరు మీద కొను, డబ్బులు నేనిస్తా, నా దగ్గర ఉంచుకుంటా" అంటారు. అది మరో ఫెడరల్ నేరం, కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. హెచ్1బీలో ఉన్నన్నాళ్లూ నేను ఈ జోలికే పోలేదు. గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టాను.

గ్రీన్ కార్డు వచ్చింది కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. తుపాకీకి సంబంధించిన నేరం ఏదైనా రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపించెయ్యొచ్చు. పక్కింటి అమెరికన్ జరిమానాతోనో ప్రొబేషన్‌తోనో బయటపడే తప్పు నాకైతే ఇరవై ఏళ్ల జీవితాన్ని సూట్‌కేసులో సర్దించేస్తుంది. పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలో నేను పర్మిట్‌కి వెళ్లడానికి అసలు కారణం ఇదే. కాల్చడం కన్నా చట్టం నేర్చుకోవడం నాకు ఎక్కువ అవసరం.

చట్టంలో ఇంకో మెలిక కూడా ఉంది. స్కూలు ఆవరణకు వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు. టెక్సస్ "పర్మిట్ అక్కర్లేదు" అన్నంత మాత్రాన ఆ మినహాయింపు రాదు. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్లకి తెలుసు, ఇల్లు దాటి రెండు సిగ్నల్స్ వెళ్లేలోపు ఏదో ఒక స్కూలు తగులుతుంది. తుపాకీ కారులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లే దారి మొత్తం ఆ వెయ్యి అడుగుల వలయాలే.

ఇక ఆన్‌లైన్ క్లాసు. ఇంటర్నెట్‌లో వెతికితే "అరగంటలో కన్సీల్డ్ క్యారీ (తుపాకీ దాచి వెంట తీసుకెళ్లడం) సర్టిఫికెట్" అనే ప్రకటనలు కుప్పలుతెప్పలు. వాటిలో చాలావాటికి టెక్సస్‌లో విలువ లేదు. డీపీఎస్ వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన ఆన్‌లైన్ కోర్సుల జాబితా ఉంటుంది. అందులో పేరుందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి. నేను అలాగే ఒకటి ఎంచుకున్నాను. అన్ని రాష్ట్రాలకీ ఇదే పద్ధతి కాదు. వర్జీనియా 2021 నుంచి ఆన్‌లైన్ కోర్సుల్ని ఒప్పుకోవడం మానేసింది. న్యూయార్క్‌లో ఇప్పుడు 16 గంటలు ఎదురుగా కూర్చుని వినే క్లాసు, దానిపైన 2 గంటలు కాల్పుల శిక్షణ. ఆన్‌లైన్‌లో చట్టం, రేంజ్‌లో చేతిపని అన్న మా టెక్సస్ ఏర్పాటు ఉద్యోగస్తులకి చాలా వీలు.

క్లాసు నాలుగు నుంచి ఆరు గంటల మధ్య ఉండాలని రూలు. పేజీ మీద టైమర్ తిరుగుతుంటుంది, గబగబా క్లిక్ చేసి దాటెయ్యడానికి కుదరదు. పిల్లలు పడుకున్నాక కొంచెం కొంచెంగా పూర్తి చేశాను. తుపాకీ భాగాల గురించి చెబుతారనుకుంటే సింహభాగం చట్టమే. ఎప్పుడు బలప్రయోగం చెయ్యొచ్చు, ఎప్పుడు ప్రాణం తీసేంత బలం వాడొచ్చు, ఈ రెండూ వేరువేరు. ఎదుటివాడు నోటికొచ్చినట్టు తిట్టినంత మాత్రాన చెయ్యెత్తే హక్కు రాదని టెక్సస్ చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. రాత్రి పదకొండుకి, బీరు అమ్మే వేళ దాటకపోయినా ఐడీ అడిగినందుకు బూతులు తిట్టే కస్టమర్లని చూసినవాణ్ణి, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. గొడవని మాటలతో చల్లార్చడం గురించి ఒక అధ్యాయమే ఉంది. పిల్లలకి అందకుండా దాచడం గురించి ఇంకొకటి. 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే ఇక్కడ అదే ఒక నేరం.

బోర్డుల పాఠం నాకు బాగా నచ్చింది. 30.06 అనే బోర్డు ఉన్న చోటికి లైసెన్సు ఉన్నవాడు తుపాకీ దాచిపెట్టుకుని వెళ్లకూడదు. 30.07 ఉంటే బయటికి కనిపించేలా పెట్టుకుని వెళ్లకూడదు. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు ఉండాలి, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ రాయాలి. ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచి వచ్చే బార్ల దగ్గర ఎర్రటి అక్షరాలతో 51% అని ఉంటుంది. తుపాకీతో ఆ గీత దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం. మరుసటి రోజు పాల కోసం మామూలుగా వెళ్లే సూపర్ మార్కెట్‌కి వెళ్తే, గాజు తలుపు మీద మోకాలి దాకా దిగిన ఆ రెండు భాషల అక్షరాలు కనిపించాయి. ఏళ్ల తరబడి ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్తున్నాను, ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

చివర్లో పరీక్ష. 70 శాతం వస్తే పాస్. పాఠాలు విన్నవాళ్లకి కష్టమేమీ కాదు.

అసలు టెన్షన్ రేంజ్ దగ్గర మొదలైంది. ఆన్‌లైన్‌లో క్లాసు చేసినవాళ్లకి కాల్పుల పరీక్షకి ముందు ఒకటి నుంచి రెండు గంటలు ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగా పాఠం ఉంటుంది. మా ఇన్‌స్ట్రక్టర్ రిటైరైన పోలీసాయన, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. మొదటి అరగంట బల్ల మీద ఖాళీ పిస్టల్ పెట్టి, దాన్ని ఎత్తడం, దించడం మాత్రమే చేయించారు. ట్రిగ్గర్ మీదకి వేలు పోయిన ప్రతిసారీ "వేలు" అని ఒక్క మాట. తుపాకీ ఎప్పుడూ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి, కాల్చదలుచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, గురి వెనకాల ఏముందో చూసుకోవాలి. ఈ నాలుగూ ఎన్ని వీడియోల్లో విన్నా చేతికి ఎక్కలేదు. ఆయన పక్కన నిలబడితేనే ఎక్కాయి.

2024 నవంబర్‌లో అట్లాంటాలో మన ఉప్పల్ కుర్రాడొకడు పుట్టినరోజు నాడే కొత్త తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే అది పేలి చనిపోయాడు. స్నేహితులు పక్క గదిలోనే ఉన్నారు. ఆ వార్త చదివినప్పటి నుంచీ నాకు ఆ అరగంట పాఠం గుర్తొస్తూ ఉంటుంది. మ్యాగజీన్, అంటే గుండ్ల పెట్టె, తీసేశాక కూడా ఛాంబర్‌లో, అంటే గుండు పేలే గదిలో, ఒక గుండు ఉండిపోవచ్చు. అందుకే పిస్టల్ పైభాగమైన స్లయిడ్ వెనక్కి లాగి కంటితో చూసి, ఆపైన చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలని ఆయన చేయించారు. కంటిని నమ్మకు, వేలితో కూడా అడుగు అన్నారు.

పరీక్షలో 50 గుండ్లు. మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10. ఎదురుగా బీ-27 అనే మనిషి ఆకారపు కాగితం. మధ్య వలయాల్లో పడితే 5 పాయింట్లు, దాని బయట వలయంలో 4, ఆకారంలో ఇంకెక్కడ పడినా 3. మొత్తం 250కి 175 రావాలి. మూడు గజాలంటే మన హాల్లో సోఫా నుంచి టీవీ దూరం, దానికి భయపడక్కర్లేదు. కాకపోతే రెండు సెకన్లలో ఒకటి, మూడు సెకన్లలో రెండు అని టైము పెడతారు. చెవుల్లో స్పాంజి బిరడాలు, వాటి మీద మఫ్స్ పెట్టుకున్నా పక్క లేన్‌లో ఎవరైనా పెద్ద తుపాకీ పేలిస్తే ఆ అదురు ఛాతీకి తగులుతుంది. పేలిన గుండ్ల ఖాళీ తొడుగులు వేడివేడిగా ఎగిరి పడతాయి. నా పక్కావిడ వేసుకున్న వెడల్పు మెడ టాప్‌లో ఒకటి పడితే పాపం ఎగిరి గంతేసింది, అయినా ఆ గంతులో కూడా తుపాకీ గొట్టం టార్గెట్ వైపే ఉంచింది. ఇన్‌స్ట్రక్టర్ ఆవిణ్ణి అందరి ముందూ మెచ్చుకున్నారు. వెళ్లేవాళ్లు మెడ మూసి ఉండే చొక్కా వేసుకోండి. అయ్యాక సీసం పోవడానికి చేతులు చల్లనీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోవాలి. ఇంటికెళ్లి అన్నం కలుపుకునే చేతులు కదా.

పదిహేను గజాల దగ్గర నా గుళ్లన్నీ ఎడమ పక్కకి జారాయి. ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కకుండా ఒక్కసారిగా లాగేస్తున్నానని ఆయన కాగితం చూసే చెప్పేశారు. మొత్తానికి ఎక్కువ మార్కులతోనే గట్టెక్కాను.

తర్వాతది కాగితాల పని, పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. డీపీఎస్ సైట్‌లో దరఖాస్తు, 40 డాలర్ల ఫీజు (2017కి ముందు 140 ఉండేది), ఐడెంటోగో సెంటర్‌లో వేలిముద్రలు, సర్టిఫికెట్ల అప్‌లోడ్. పిల్లల పోషణ బకాయిలు ఉన్నా, గత ఐదేళ్లలో క్లాస్ ఏ, క్లాస్ బీ మిస్‌డిమీనర్, అంటే ఫెలనీ కన్నా చిన్న నేరం, రుజువై ఉన్నా కుదరదు. కార్డు పోస్టులో వచ్చింది.

వచ్చాక తేలిందేమిటంటే, నేను అనుకున్నంతగా తుపాకీ వెంట తీసుకెళ్లడం లేదు. ఆఫీసులో యాజమాన్యం వద్దంది. పిల్లల స్కూల్లో చట్టమే వద్దంటుంది. గుడికి తీసుకెళ్లాలని నాకే అనిపించదు. ఇక మిగిలింది బావ షాపు, ఆ వారాంతపు రాత్రులు. న్యూజెర్సీలో బంధువుల పెళ్లికి కారులో వెళ్దామనుకున్నప్పుడు, ఆ రాష్ట్రం టెక్సస్ లైసెన్సుని గుర్తించదు కాబట్టి సేఫ్‌లోంచి తియ్యనే లేదు.

ఒక్కటే నాకు మింగుడుపడనిది. మొదటి కార్డు నాలుగేళ్లు, రెన్యువల్ చేస్తే ఐదేళ్లు. రెన్యువల్‌కి క్లాసు లేదు, కాల్పుల పరీక్షా లేదు, ఆన్‌లైన్‌లో ఫీజు కడితే చాలు. లైసెన్సు లేనివాడికి ఎలాగూ ఏ శిక్షణా అక్కర్లేదు, ఉన్నవాడికి జీవితానికి ఒక్కసారి చాలట. కార్డు ఉన్నా చేతికి పని తగ్గితే మొదట పోయేది ఆ వేలి క్రమశిక్షణే అని రేంజ్‌లో రోజూ నిలబడేవాళ్లంతా అంటారు. అందుకని వీలు దొరికినప్పుడల్లా అదే ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లి ఒక బాక్స్ గుండ్లు కాల్చి వస్తున్నాను. మా బావ సిటిజెన్, ఈమధ్య ఆయనా వస్తున్నాడు. గుండ్ల ఖర్చు ఆయనది, ఇడ్లీ ఖర్చు నాది.