ఫార్మాట్ కొట్టకుండానే బావ కంప్యూటర్ ఆన్ అయింది

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా బావకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరిదైనా కవితా సంపుటి చేస్తారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఇప్పటికీ ఆయన పని దాంట్లోనే, అను అనే తెలుగు ఫాంట్లతోనే. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే ఆ ఒక్క కంప్యూటర్ ఆగితే షాపు మొత్తం ఆగిపోతుంది. అది ఆగింది కూడా ఆషాఢం చివర్లో, శ్రావణ ముహూర్తాల పత్రికలన్నీ ప్రెస్సుకు వెళ్లాల్సిన సమయంలో.

అసలు సమస్య చిన్నదే. ఒక టీబీ డిస్క్‌లో సి డ్రైవ్‌కి ఇచ్చింది 100 జీబీ. అది నిండిపోయి విండోస్ నత్తనడక నడుస్తోంది. డి నిండా చోటు ఉంది. అప్పుడప్పుడూ వచ్చి సర్వీసు చేసే మెకానిక్ కుర్రాడు డిస్క్‌ని ముక్కలుగా (పార్టిషన్లుగా) విభజించే ఒక సాఫ్ట్‌వేర్‌తో డి నుంచి కొంత కోసి సి కి కలిపాడు. మధ్యలో అడ్డుగా ఉన్న, విండోస్ రిపేర్‌కి పనికొచ్చే రికవరీ పార్టిషన్‌ని తీసేశాడు. డిస్క్ మొదట్లో పేరు, అక్షరం ఏమీ లేకుండా 100 ఎంబీ ముక్క ఒకటి కనిపిస్తే, పనికిరానిది అనుకుని దాన్నీ తీసేశాడు. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, దాని మీద సరైన బూట్ డివైస్ ఎంచుకోమని ఒక్క లైను.

బావ ఫోన్ చేసినప్పుడు గొంతులోనే టెన్షన్ తెలిసింది. "ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నడు బామ్మర్దీ. డి డ్రైవ్‌కి ఏం కాదట, సి ఒక్కటే పోతుందట. కొట్టమననా?"

వద్దన్నాను. సి ఒక్కటే అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది కానీ, డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా ఉండేది సి లోనే. డౌన్‌లోడ్స్ ఫోల్డరూ సి లోనే. బావ చేతిలో ఉన్న పనులన్నీ, కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలతో సహా, డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారు. డి లో ఉన్నవి పాత సంవత్సరాల ఫైళ్లు.

నేను షాపుకి చేరేసరికి విషయం ఇంకో మెట్టు దిగింది. బూట్ కావడం లేదని, అంటే విండోస్ లేవడం లేదని, కుర్రాడు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతి తీసేసి పాత పద్ధతి అయిన లెగసీ మోడ్ పెట్టాడు. ఆ మోడ్‌లోనే పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ సెటప్ నడిపించాడు. ఈ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, ఇక్కడ విండోస్ వేయడం కుదరదు అని సెటప్ మొరాయించింది. జీపీటీ అంటే డిస్క్‌లో ముక్కల లెక్క రాసుకునే పద్ధతి, దాని నుంచి విండోస్ లేవాలంటే యూఈఎఫ్‌ఐ కావాలి. మోడ్ మారినందుకు వచ్చే మెసేజ్ అది, డిస్క్ చెడిపోయిందని దానర్థం కాదు. కానీ చాలామంది దానికి చేసే వైద్యం డిస్క్‌పార్ట్ అనే విండోస్ టూల్‌లో 'క్లీన్' అని కొట్టడం. ఆ ఒక్క మాటతో పార్టిషన్ టేబుల్, అంటే ఆ ముక్కల లెక్క, మొత్తం చెరిగిపోతుంది. సి తో పాటు డి కూడా పోతుంది. కుర్రాడు ఆ పనికి సిద్ధంగా ఉన్నాడు. "తమ్ముడూ, కాసేపు ఆగు" అని కీబోర్డు తీసుకున్నాను.

అతన్ని తప్పుపట్టాలని లేదు. రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి, ఇచ్చేది తక్కువ, ఫార్మాట్ అయితే ఎంత సేపు పడుతుందో ముందే తెలుసు. కానీ ఆ మాట మన దగ్గర మరీ తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తోంది. చాలాసార్లు పోయేది బూట్ అవడానికి కావలసిన నాలుగు ఫైళ్లు మాత్రమే. ప్రెస్సులో ప్లేటు పాడైతే పోయింది ప్లేటే, కంపోజ్ చేసిన మ్యాటర్ కాదు కదా.

బయోస్‌లో చూస్తే డిస్క్ పేరు, సైజు సరిగ్గానే కనిపిస్తున్నాయి. అంటే డిస్క్ బతికే ఉంది. దాంతో సగం భయం పోయింది. మోడ్‌ని మళ్లీ యూఈఎఫ్‌ఐకి మార్చాను. బూట్ వరసలో మామూలుగా ఉండాల్సిన 'విండోస్ బూట్ మేనేజర్' అనే పేరు లేదు. కుర్రాడు తీసేసిన 100 ఎంబీ ముక్క ఏమిటో అక్కడే ఖాయమైంది. దాన్ని ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు, ఫైళ్లను ఫ్యాట్32 అనే పద్ధతిలో దాచుకుంటుంది. విండోస్ సి లోనే ఉన్నా, దాన్ని లేపే ఫైళ్లు ఉండేది ఈ ముక్కలో. మై కంప్యూటర్‌లో కనిపించదు కాబట్టి అదొకటి ఉందనే చాలామందికి తెలియదు.

రిపేర్ మొదలుపెట్టే ముందు డేటా బయటికి తీయాలని పట్టుబట్టాను. పత్రికలు లేటవుతున్నాయని బావ గొడవ, అయినా ఒప్పుకోలేదు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి వెళ్లాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరూ అనరు, అందరికీ అది సీటీసీనే. అక్కడ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకుండా ట్రై మోడ్‌లో తెరిచాను. సి, డి రెండూ తెరుచుకున్నాయి. డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో శ్రావణం పత్రికలు పేర్లతో సహా కనిపించగానే బావ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. ముందు డెస్క్‌టాప్, తర్వాత ఫాంట్లు, ఆ తర్వాత డి మొత్తం. కాపీ అయ్యేసరికి రాత్రి అయింది. ఒకవేళ డి కనిపించకపోయి ఉంటే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పోయిన పార్టిషన్‌ని వెతికేవాణ్ణి. ఆ అవసరం రాలేదు.

ఇక రిపేర్. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించింది, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంది. దాన్నే ఎంచుకోవాలి. సెటప్‌లో భాష ఎంచుకున్నాక 'ఇన్‌స్టాల్' కాకుండా కింద ఉండే 'రిపేర్' నొక్కాను. స్టార్టప్ రిపేర్ కాసేపు తిరిగి, నా వల్ల కాలేదంది. ఆ ముక్కే లేనప్పుడు అది మాత్రం ఏం చేస్తుంది? కమాండ్లు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను.

డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' కొడితే జీపీటీ కింద చుక్క గుర్తు ఉంది, మంచిది. డిస్క్ మొదట్లో పాత ముక్క ఉన్న చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడే 100 ఎంబీతో ఈఎఫ్‌ఐ రకం పార్టిషన్ ఒకటి చేసి, దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఎస్ అనే అక్షరం ఇచ్చాను. ఈ పని చేసేటప్పుడు ఎంచుకున్న డిస్క్ మనదేనా, పెన్‌డ్రైవా అన్నది సైజు చూసి ఖాయం చేసుకోవాలి. ఇంకో సంగతి, ఈ స్క్రీన్‌లో డ్రైవ్ అక్షరాలు మనకు అలవాటైనవి ఉండకపోవచ్చు. బావ సి ఇక్కడ డి గా కనిపించింది. ఒక్కో అక్షరంలోకి వెళ్లి విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూసి నిర్ధారించుకున్నాను.

ఆ తర్వాత కావలసింది ఒక్క కమాండే, బీసీడీబూట్. విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో, బూట్ ఫైళ్లు వేయాల్సింది ఎస్ లో అని, యూఈఎఫ్‌ఐ కోసం అని దానికి చెప్పాలి. బూట్ ఫైళ్లు తయారయ్యాయని వెంటనే చెప్పింది. రీస్టార్ట్ చేసి బయోస్‌లో చూస్తే 'విండోస్ బూట్ మేనేజర్' వరసలోకి వచ్చేసింది. మరో నిమిషంలో డెస్క్‌టాప్ మీద బావ పెట్టుకున్న యాదగిరి నరసింహస్వామి ఫొటో ప్రత్యక్షమైంది.

పని అక్కడితో అయిపోలేదు. పేజ్‌మేకర్‌లో ఒక పత్రిక తెరిస్తే లోపల పెట్టిన బొమ్మలు దొరకడం లేదంది. డి డ్రైవ్ ఇ అయి కూర్చుంది, డి అక్షరాన్ని డీవీడీ డ్రైవ్ తీసుకుంది. పేజ్‌మేకర్ బొమ్మలను అవి ఉన్న దారిని బట్టి వెతుకుతుంది, అక్షరం మారితే దారి మారినట్టే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీవీడీకి వేరే అక్షరం ఇచ్చి, పాత డి కి డి నే తిరిగి ఇచ్చాను. బొమ్మలన్నీ వచ్చాయి. రికవరీ పార్టిషన్ లేదు కాబట్టి ఆ విండోస్ పెన్‌డ్రైవ్‌ని షాపులోనే సొరుగులో ఉంచేశాను.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఒక మాట. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డేటా తెరుచుకోకుండా వేసే తాళం) ముందే ఆన్ అయి ఉంటుంది. అప్పుడు కీ లేకుండా ఉబుంటులో సి తెరుచుకోదు, రిపేర్ స్క్రీన్ కూడా విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే సాధారణంగా ఆ కీ ఆ అకౌంట్‌లో దొరుకుతుంది. పార్టిషన్ల మీద చెయ్యి వేసే ముందే దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి, అంతా ఆగిపోయాక వెతుక్కోవడం నరకం.

మర్నాడు పొద్దున్నే పత్రికలు ప్రెస్సుకు వెళ్లాయి. ఆ కుర్రాడు కూడా వచ్చి కమాండ్లన్నీ తన ఫోన్‌లో రాసుకుని వెళ్లాడు. డెస్క్‌టాప్ మీది పనులన్నీ డి లోకి మార్చాం, సీటీసీలో కొన్న డిస్క్‌లోకి శనివారం శనివారం కాపీ చేసే బాధ్యత మా అక్క తీసుకుంది.