గోలీ సోడా చప్పబడిన వారం

ఆ రాత్రి కుడి కన్ను, దాని పైన నుదురు పగిలిపోతున్నంత నొప్పి. కిటికీలోంచి చూస్తే అరండల్‌పేట వీధి దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు. రెండుసార్లు వాంతి అయింది. పార్శ్వపు నొప్పేమో, మాత్ర వేసుకుని పడుకుందామనుకున్నాను. మా చిన్నమ్మాయి టార్చి వేసి చూసి, "అమ్మా, కన్ను నిప్పుకణికలా ఉంది, లే" అంటూ ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో కంటి ప్రెషర్ చూస్తే 48. మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలట. కంట్లో ఊరే నీరు బయటికి పోయే సందు మూసుకుపోయింది, నీటికాసుల్లో (గ్లకోమాలో) ఇది ఉన్నట్టుండి వచ్చే రకం, ఆలస్యం చేస్తే చూపే పోతుంది అన్నారు. చుక్కలు వేసి, సీసా ఎక్కించారు. "సల్ఫా మందులు పడవా అమ్మా? కిడ్నీలో రాళ్లు ఉన్నాయా?" అని అడిగి, రెండూ లేవన్నాకే డయామాక్స్ 250 బిళ్లలు రాశారు.

మందుల షాపులో "నీరు పోయే బిళ్ల" అని కవర్లో వేసి ఇచ్చారు, అంతే. కంటి జబ్బుకి మూత్రం బిళ్ల ఎందుకో నాకు అర్థం కాలేదు. మర్నాటికి వేళ్ల కొసల్లో, పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టు తిమ్మిరి. పక్షవాతమేమోనని ఒకటే టెన్షన్. మూడో రోజు చెకప్ నుంచి వస్తూ గోలీ సోడా కొట్టించుకున్నాను. నురగ బాగానే పొంగింది. నోట్లో పోసుకుంటే తుప్పు నీళ్లలా చప్పగా ఉంది. "గ్యాస్ లేదేంటయ్యా" అంటే పాపం ఆ అబ్బాయి ఇంకోటి కొట్టి ఇచ్చాడు. అదీ అంతే. మా అమ్మాయి తాగి, "ముక్కులోకి కొడుతోందమ్మా, నీ నోరే మారింది" అంది.

అది బీఫార్మసీ చదువుతోంది. ఆ సాయంత్రం పుస్తకాలు ముందేసుకుని చెప్పింది. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ ఒకటుంది. కంట్లో నీరు ఊరడానికి అదే కావాలి, కిడ్నీలోనూ అదే పని చేస్తుంది, సోడా ఘాటుని నాలుక పసిగట్టేదీ దాంతోనే. ఈ బిళ్ల దాన్ని ఆపుతుంది. కిడ్నీలో ఆగితే మూత్రం ఎక్కువవుతుంది, కంట్లో ఆగితే నీరు తక్కువ ఊరి ప్రెషర్ దిగుతుంది. కంటికి ఇది పనికొస్తుందని 1954లో అమెరికాలో బెర్నార్డ్ బెకర్ అనే కంటి డాక్టరు చూపించారట. సోడా రుచి సంగతి 2009లో ఎలుకల మీద పరిశోధన చేసి తేల్చారు. కొండలెక్కేవాళ్లు కూడా ఎత్తు పడక జబ్బు చేయకుండా ఇదే బిళ్ల వేసుకుంటారని, వాళ్లకీ కూల్‌డ్రింకులు చప్పబడతాయని చెప్పింది.

వింటుంటే నా భయం సగం దిగిపోయింది. ఆ రెండు మాటలు బిళ్లలిచ్చేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే, తిమ్మిరికి బెదిరి రెండో రోజు ఒక పూట బిళ్ల మానేసేదాన్ని కాదు. కన్ను అంత ప్రమాదంలో ఉండగా మానేశాను! డాక్టరు గారికి ఫోన్ చేస్తే, తిమ్మిరి ఈ మందుకి మామూలే, ఒంటి మీద దద్దురు వచ్చినా ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే రమ్మన్నారు. పొటాషియం తగ్గుతుంది కాబట్టి అరటిపండ్లు, కొబ్బరి నీళ్లు తీసుకోమన్నారు.

ప్రెషర్ 18కి దిగాక కంట్లో నీటికి దారి ఇవ్వడానికి లేజర్‌తో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో సన్నటి రంధ్రం పెట్టారు. ఎడమ కంటికీ అదే ముప్పు ఉందని దానికీ పెట్టారు. తర్వాత బిళ్ల ఆపేశారు. నాలుగు రోజులకి అదే బండి దగ్గర ఆగాను. ఆ అబ్బాయి గుర్తుపట్టి, "ఈసారి గ్యాస్ గట్టిగా పట్టించానమ్మా" అన్నాడు. ఒక్క గుక్కకే ముక్కు మంటెత్తి, రెండు కళ్లలోంచీ నీళ్లు కారాయి.