మేస్త్రి, మైస్టర్

కిందటి ఏడాది ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, మా మెషీన్ షాప్ మైస్టర్, అంటే అక్కడి పనివాళ్ళ పెద్ద, రెండంతస్తుల మెట్లెక్కి నా బల్ల దగ్గరకు వచ్చారు. చేతిలో ఒక కాగితం ఉంది. శుక్రవారం సాయంత్రం నేను పంపిన మెయిల్ ప్రింట్ అది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. కాగితాన్ని నా కీబోర్డు మీద పెట్టి, "ఇది మీరు నా గురించి రాశారు. నాకు రాయలేదు" అన్నారు. గొంతు పెంచలేదు కానీ గదిలో ఉన్న ఐదుగురికీ వినిపించింది. "నా మెషీన్ల దగ్గరకు ఇక్కడి నుంచి రెండు నిమిషాలు. వచ్చి అడిగితే చెప్పేవాణ్ణి." అంతే, వెళ్ళిపోయారు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

స్టుట్‌గార్ట్ పక్కన, జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఉంటుంది మా కంపెనీ. హైడ్రాలిక్ వాల్వులు చేస్తాం. డిజైన్ వాళ్ళం రెండో అంతస్తులో ఉంటాం, కింద మెషీన్ షాప్, దానికి ఆనుకుని క్వాలిటీ వాళ్ళ కొలతల గది. అప్పటికి మూడు నెలలుగా ఈ ముగ్గురికీ పడటం లేదు. గొడవంతా ఒక అల్యూమినియం బాడీలో 25 మిల్లీమీటర్ల రంధ్రం గురించి. మొదట డ్రాయింగులో హెచ్7 అని ఉండేది, అంటే 21 మైక్రాన్ల వెసులుబాటు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లీకేజీ ఉందని కస్టమర్ అనడంతో మేము దాన్ని హెచ్6 చేశాం. మిగిలింది 13 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో చిన్న భాగం. అప్పటినుంచి క్వాలిటీ వాళ్ళ ఎర్ర చీటీలు పడ్డ పెట్టెలు గోడ పక్కన పేరుకుపోయాయి. షాప్ వాళ్ళేమో మేం కొలిస్తే సరిగ్గానే ఉంది అంటారు. క్వాలిటీ వాళ్ళు, రంధ్రం చిన్నదైంది అంటారు. మేము, డ్రాయింగ్ ఎలా ఉంటే అలా చేయండి అంటాం. ఇదంతా మెయిళ్ళలోనే. భోజనాల గదిలో కూడా మూడు బల్లలుగా విడిపోయాం.

ఆ శుక్రవారం నా మెయిల్ ఇద్దరు మేనేజర్లకు వెళ్ళింది. "షాప్‌లో కొలతలు సరిగ్గా తీయడం లేదు" అని ఒక వాక్యం అందులో ఉంది. నా జర్మన్‌లో అప్పటికి మెత్తని మాటలు లేవు. ఉన్నమాట ఉన్నట్టు పడిపోయింది.

నా వైపు నుంచి కూడా చెప్పుకోవాలి. నా మొదటి ఉద్యోగం జీడిమెట్లలో. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం "మెయిల్ పెట్టావా? సార్‌ని సీసీలో పెట్టావా?" అన్నదే. ఒకసారి నోటిమాట నమ్ముకుని ఒక లోడు పంపించాను. తేడా వచ్చినప్పుడు నేను చెప్పలేదంటే నేను చెప్పలేదని అందరూ తప్పుకున్నారు, చిన్నవాణ్ణి నేను మిగిలాను. పైవాళ్ళకు కాపీ పెట్టడం మాకు చాడీ కాదు, గొడుగు. రేపు అడిగితే చూపించుకోవడానికి. కానీ అక్కడ మెయిల్ పెట్టాక కిందికి దిగి, "అన్నా, ఏమనుకోకు, పెట్టాల్సి వచ్చింది" అని షాప్‌వాళ్ళతో కలిసి టీ తాగేవాళ్ళం. ఆ టీతో మెయిల్‌లోని కారం సగం పోయేది. ఇక్కడికి మెయిల్ ఒక్కటే తెచ్చుకున్నాను, టీ తెచ్చుకోలేదు.

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం ఇది కాదు. మా నాన్న తెనాలిలో తాపీ మేస్త్రి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఇంటి పని మీదకు ఇంజనీరు వచ్చి, గోడ వాలిందని నాన్నతో అనకుండా నేరుగా ఇంటి యజమానితో అన్నాడు. నాన్న ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచిలోంచి, గోడ నిటారుగా ఉందో లేదో బుడగతో చూపే రసమట్టం తీసి గూట్లో పెట్టి, "నన్నడిగితే చూపించనా?" అని ఒక్క మాటే అన్నాడు. ఆ పూట తినలేదు. ఆ ఇంజనీరు మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత వేరే దేశంలో, వేరే భాషలో, మైస్టర్ గారి నోట అదే మాట విన్నాను. ఈసారి ఇంజనీరును నేను.

మేస్త్రి అన్న మాట మనకు పోర్చుగీసు వాళ్ళ 'మెస్త్రే' నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్ 'మాగిస్టెర్'. జర్మన్ల 'మైస్టర్' కూడా ఆ లాటిన్ మాటే. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు మనుషులు. కానీ ఇక్కడ మైస్టర్‌కు ఉన్న విలువ చూస్తే నాకు ఒకపక్క గౌరవం, ఇంకోపక్క గుండెలో మంట. మూడు, మూడున్నరేళ్ళు అప్రెంటిస్‌గా పని నేర్చుకుని, తర్వాత పనిచేసి, మైస్టర్ పరీక్ష రాస్తారు. జర్మనీ వాళ్ళ అర్హతల పట్టికలో మైస్టర్, బ్యాచిలర్ డిగ్రీ రెండూ 6వ స్థాయిలోనే ఉంటాయి. నా డిగ్రీ, ఆయన పనితనం కాగితం మీద సమానం. మా నాన్న పనితనానికి ఏ కాగితమూ లేదు. వయసు మీద పడ్డాక కూడా ఎవరింటి ముందో నిలబడి కూలి రేటు మాట్లాడుకున్నాడు.

బుధవారం మొదటి రైలు పట్టుకుని పొద్దున ఆరింటి షిఫ్టుకు కిందికి వెళ్ళాను. స్టేషన్ బేకరీలో వెన్న రాసిన బ్రెట్సెల్లు, అంటే ముడి వేసినట్టుండే రొట్టెలు, ఎనిమిది కొన్నాను. ఇక్కడ ఏ మంచికైనా, ఏ క్షమాపణకైనా అవే పట్టుకెళ్తారు. మైస్టర్ సంచి వైపు చూసి, "ముందు మెషీన్" అన్నారు.

గంటసేపు నిలబడి చూశాను. ముక్క మెషీన్ మీంచి దిగగానే కడిగి, తుడిచి, వెంటనే కొలుస్తున్నారు. సరిగ్గా వస్తోంది. చేతిలోకి తీసుకుంటే గోరువెచ్చగా ఉంది. మైస్టర్ థర్మామీటర్ పెట్టి చూపించారు, 30 డిగ్రీలు. కొలతల గదిలో ఎప్పుడూ 20 డిగ్రీలే. అల్యూమినియం 10 డిగ్రీలు చల్లారితే 25 మిల్లీమీటర్ల రంధ్రం దాదాపు 6 మైక్రాన్లు తగ్గుతుంది. ఉన్న వెసులుబాటు 13. షాప్ వాళ్ళు చెప్పిందీ నిజమే, క్వాలిటీ వాళ్ళు చెప్పిందీ నిజమే.

"మీకు ఇది ముందే తెలుసా?" అన్నాను.

"నవంబరులోనే చెప్పాను. చల్లారడానికి ఒక రాక్, అరగంట టైము కావాలన్నాను. రాక్ ఎవరి ఖాతాలో కొనాలన్న దగ్గర ఆగిపోయింది. మళ్ళీ అడగలేదు."

మళ్ళీ అడగకపోవడం ఆయన పంతం. అది తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను. మూడు నెలల ముక్కలు వృథా అయ్యాయి. అయితే ఆ నవంబరు మాట మా అంతస్తు దాకా ఎందుకు రాలేదంటే, మేమెవ్వరం కిందికి దిగలేదు కాబట్టి.

రాక్ మా డిజైన్ ఖాతాలో కొనమని మా మేనేజర్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. వర్క్స్ కౌన్సిల్ సభ్యుడొకరు మూడు విభాగాల వాళ్ళనీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. 1972 నాటి చట్టం ప్రకారం ఉద్యోగులు ఎన్నుకునే కమిటీ అది. యూనియన్ మనిషి వస్తున్నాడంటే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆయన మాత్రం కాఫీ పోసి, "ఎవరి తప్పో వద్దు, ముక్క మెషీన్ నుంచి పెట్టె దాకా ఎలా వెళ్తుందో చెప్పండి" అన్నాడు. పని నలభై నిమిషాల్లో తేలింది.

నా మెయిల్ మాత్రం ఇంకా అలాగే ఉంది కదా. అదే ఇద్దరు మేనేజర్లను పెట్టి, ఈసారి మైస్టర్ పేరు మీదే, ఆ వాక్యం తప్పని రాశాను. పంపేముందు క్వాలిటీలో పనిచేసే ఒకావిడకు చూపించాను. నాలుగుసార్లు క్షమించమని రాస్తే మూడు కొట్టేసి, "ఒకటి చాలు, అప్పుడే నమ్ముతారు" అంది.

మైస్టర్ జవాబు ఇవ్వలేదు. ఒక రోజు, వారం, మూడు వారాలు. ఈ ప్రాంతంలో ఒక సామెత ఉంది, తిట్టకపోతే అదే మెచ్చుకోవడమని. సామెత తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? మనవైపు అయితే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి "పోనీలేరా" అనేవారు. ఆ ఒక్క మాట కోసం ఎంత మొహం వాచిపోయానో చెప్పలేను. ఇక్కడి మనుషులు నిజాయితీపరులు, మాట మీద నిలబడతారు, కాదనను. కానీ క్షమించినట్టు ఎదుటివాడికి తెలియాలన్న సంగతి వీళ్ళకు ఎవరూ నేర్పలేదేమో అనిపించేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం షాప్ వాళ్ళ కాఫీ మెషీన్ దగ్గర, డబ్బాలో చిల్లర వేస్తుంటే ఆయన వచ్చారు. తన పేరు చెప్పి చెయ్యి చాపారు. ఇక నుంచి 'మీరు' వద్దు, 'నువ్వు' అనుకుందామని. జర్మన్‌లో ఆ మాట పెద్దవాళ్ళే ముందు అనాలి. నేను చెయ్యి కలిపాను కానీ నోరు రాలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని నువ్వు అనడం ఎలా? ఇప్పటికీ సగంసార్లు 'మీరు' అనే వస్తుంది. ఫోన్‌లో చెబితే నాన్న, "తప్పు కదురా" అన్నాడు.

ఆ రోజే మైస్టర్ మా నాన్న ఏం చేస్తారని అడిగారు. మేస్త్రి అన్నాను. ఆ మాటను రెండుమూడుసార్లు పలికి, "ఆయన కట్టింది చూపించు" అన్నారు.

నాన్నను ఫొటో అడిగాను. రెండు రోజుల తర్వాత పంపాడు. ఆ ఇంజనీరు వాలిందన్న గోడే. పక్కన నాన్న నిలబడి, అదే పాత రసమట్టాన్ని గోడకు నిలువుగా ఆనించి పట్టుకున్నాడు. మైస్టర్ నా ఫోన్ తీసుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశారు.

"బుడగ మధ్యలోనే ఉంది" అన్నారు.